తెల్లకోటు గడప దాటకూడదా?

డాక్టరుకు ఫోను కెమెరా ముందు ఏం పని? రోగిని చూడాలి, మందు రాయాలి, తర్వాతి రోగిని పిలవాలి. కరీబియన్ దీవుల్లో క్లినిక్ మూశాక ఓ డాక్టరు బీపీ గురించో గర్భసంచిలో గడ్డల గురించో రెండు నిమిషాలు మాట్లాడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, వృత్తిలో పెద్దల నుంచి తరచుగా వచ్చే మాట ఇదే. వైద్యం అంగడి సరుకైపోయిందని ఒకరు, హుందాతనం మంటగలిసిందని ఇంకొకరు, అరకొర జ్ఞానం అజ్ఞానం కంటే చేటని మరొకరు. వీడియోలో చెప్పింది నిజమా అబద్ధమా అన్న ప్రశ్న మాత్రం ఈ మాటల్లో ఎక్కడా ఉండదు. పెట్టడమే తప్పు. హైదరాబాదులో, విజయవాడలో డాక్టర్ల యూట్యూబ్ ఛానళ్ల మీద విసుర్లు విన్నవాళ్లకు ఈ ధోరణి కొత్తేమీ కాదు.

ఈ అభిప్రాయానికి పలుకుబడి ఎక్కువ, ఆధారం తక్కువ. కరీబియన్ విషయంలోనైతే అది చరిత్రను తలకిందులుగా చదవడమే. ఆ దీవుల్లో వైద్యం గెలిచిన చోట్ల చూస్తే, డాక్టరు తన గది వదిలి జనంతో మాట్లాడిన సందర్భాలు కనిపిస్తాయి. ఓడిన చోట్ల చూస్తే, మాట్లాడాల్సినవాళ్లు ఊరుకోవడమో, అనకూడని మాటను అధికార ముద్రతో అనడమో కనిపిస్తుంది.

ముందు ‘అరకొర జ్ఞానం’ సంగతి తేల్చుకోవాలి. మిగతా ఆరోపణలకు బలం దాని నుంచే వస్తోంది.

1973లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, విక్టోరియా జూబిలీ ప్రసూతి ఆసుపత్రిలో, గ్రాహం సెర్జెంట్ అనే డాక్టరు నాయకత్వంలో ఒక పరిశోధన మొదలైంది. పుట్టిన బిడ్డకు పుట్టినట్టే సికిల్ సెల్ పరీక్ష. 1981 చివరికి లక్ష కాన్పులు పూర్తయ్యాయి. సికిల్ సెల్ జబ్బు పూర్తిరూపంలో ఉన్న పిల్లలు 315 మంది తేలారు. వాళ్లను పుట్టిన రోజు నుంచీ కనిపెట్టి చూస్తుంటే, పసితనంలోనే కొందరిని తీసుకుపోతున్న ఒక ఆపద స్పష్టంగా బయటపడింది. ఉన్నట్టుండి ప్లీహం ఉబ్బి, ఒంట్లో రక్తాన్ని తనలోకి లాగేసుకుంటుంది. బిడ్డ పాలిపోతుంది, నీరసిస్తుంది, కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. వెంటనే రక్తం ఎక్కిస్తే బతుకుతుంది. అంటే వైద్యం చేతిలోనే ఉంది. వ్యవధే లేదు.

ఆ డాక్టర్లు కొత్త యంత్రం కనిపెట్టలేదు, కొత్త మందు తేలేదు. తల్లులకు నేర్పారు. బిడ్డ ఎడమ డొక్క కింద వేళ్లు పెట్టి ప్లీహం ఎంతుందో తడిమి చూసుకోవాలి. పెరిగినట్టు తోస్తే ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకురావాలి. అంతే పాఠం. 1985లో వెలువడిన లెక్కల ప్రకారం, అంతకుముందు ఇలాంటి ఘటనలు వంద జరిగితే 29 మంది పిల్లలు చనిపోయేవారు. తల్లులు నేర్చుకున్నాక ఆ సంఖ్య 3కు పడిపోయింది. నమోదైన ఘటనలు మాత్రం రెట్టింపు దాటాయి. జబ్బు పెరిగి కాదు, ఇంతకాలం ఎవరి కంటా పడకుండా జరిగిపోతున్నవి అమ్మల వేళ్లకు దొరికాయి కాబట్టి.

వైద్యం చదవని కింగ్‌స్టన్ తల్లులకు ఒక క్లినికల్ పరీక్ష నేర్పడం ‘అరకొర జ్ఞానం’ కాక మరేమిటి? ఆ సిద్ధాంతమే నిజమైతే ఆసుపత్రి అనవసర భయాలతో కిక్కిరిసిపోవాలి, తల్లులు అయోమయంలో పడాలి. జరిగింది వేరు. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో ఇప్పటికీ సికిల్ సెల్‌తో పుడుతున్న పిల్లలకు ఈ కథ పరాయిది కాదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు నిర్మూలనకు మిషన్ మొదలుపెట్టి పరీక్షల కార్డులు పంచుతోంది. కార్డుతో పాటు తల్లి చేతికి ఏం నేర్పుతున్నారన్నది కింగ్‌స్టన్‌ను చూసి అడగాల్సిన ప్రశ్న.

దీనికి ప్రత్యర్థుల జవాబు ఊహించవచ్చు. ఆ తల్లులకు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పారు, వెనక క్లినిక్ ఉంది, ఫోనులో వీడియో చూసినవాడి వెనక ఏముంది అని. న్యాయమైన ప్రశ్నే. కానీ అది వీడియో ఎలా చెయ్యాలో చెప్పే ప్రశ్న, చెయ్యకూడదని చెప్పే ప్రశ్న కాదు. ఏ లక్షణం కనిపిస్తే ఇంట్లో ఉండొచ్చు, ఏది కనిపిస్తే ఏ వేళనైనా ఆసుపత్రికి బయల్దేరాలి అన్నది చెప్పే వీడియో క్లినిక్‌కు దారి చూపుతుంది. అలా చెప్పనిది చెడ్డ వీడియో. ఆ మాటకొస్తే అలా చెప్పని డాక్టర్లు క్లినిక్‌లోనూ ఉన్నారు.

ఈ వాదంలో అసలు లోపం ఇంకొకటి. డాక్టరు మాట్లాడకపోతే జనం ఖాళీ బుర్రతో ఎదురుచూస్తుంటారని అది అనుకుంటుంది. జమైకా పల్లెల్లో ‘సెరసీ’ అనే తీగతో కాచిన కషాయం ఇంటింటి మందు. రక్తశుద్ధికి అదే, షుగరుకూ అదే. ఆ తీగ మరేదో కాదు, మన కాకర జాతిదే. మధుమేహాన్ని అక్కడి జనం ఇంగ్లిష్‌లో ‘షుగర్’ అనే అంటారు, రక్తపోటును ‘ప్రెషర్’ అంటారు. పొద్దున్నే కాకర రసం తాగి మాత్ర మానేసే మనిషి గోదావరి జిల్లాల్లో ఎంత మామూలో జమైకాలోని వెస్ట్‌మోర్‌లాండ్ పారిష్‌లోనూ అంతే మామూలు. ఆ మనిషి డాక్టరుతో గడిపేది నెలకో రెండు నెలలకో పది నిమిషాలు. ఫోనుతో గడిపేది రోజంతా. ఆ రోజంతా అతనితో మాట్లాడుతున్నదెవరు?

లక్ష్మణఫలం కథ ఇంకా ఘాటుగా ఉంటుంది. కరీబియన్‌లో సోర్‌సాప్, ఫ్రెంచి దీవుల్లో కొరొసోల్ అని పిలిచే ఈ పండు, దీని ఆకు క్యాన్సర్‌ను మాయం చేస్తాయని ఇంటర్నెట్టంతా మోత. తెలుగు యూట్యూబ్‌లోనూ ఆ ఆకుల పొడి అమ్మకాలు జోరుగానే ఉన్నాయి. అయితే గ్వాడెలూప్ దీవిలో మామూలు మందులకు లొంగని ఒక రకం పార్కిన్సన్ తరహా జబ్బు అసాధారణంగా ఎక్కువగా కనిపించడం, ఆ రోగుల్లో ఈ పండూ ఆకు కషాయమూ వాడినవాళ్లు ఎక్కువగా ఉండటం గమనించిన డాక్టర్లు 1999లోనే లాన్సెట్ పత్రికలో హెచ్చరిక రాశారు. సంబంధం ఉందన్న అనుమానం బలమైనదే గాని నిర్ధారణ మీద చర్చ ఉంది. ఇంత విషయం ఎంతమంది ఇళ్లకు చేరింది? లాన్సెట్‌లో రాసిన డాక్టరు తన పని చేశాడు. ఆ సంగతిని క్రియోల్‌లో, రెండు నిమిషాల్లో, బామ్మకు అర్థమయ్యేట్టు చెప్పే డాక్టరుది పని కాదా? మొదటివాడికి ప్రమోషన్, రెండోవాడికి వెక్కిరింపు!

2021 సెప్టెంబరులో జరిగిన తమాషా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ట్రినిడాడ్‌లో పుట్టిన ర్యాప్ గాయని నికీ మినాజ్ ఒక ట్వీట్ పెట్టింది. ట్రినిడాడ్‌లోని తన కజిన్ స్నేహితుడొకడు కోవిడ్ టీకా వేయించుకుంటే వృషణాలు వాచిపోయి నపుంసకుడయ్యాడట, పెళ్లి కూడా ఆగిపోయిందట. ఆమె ఖాతాను అనుసరించేవాళ్లు అప్పటికే రెండు కోట్ల పైమాట. రెండు రోజుల్లో ఆ దేశ ఆరోగ్యమంత్రి టెరెన్స్ డెయల్‌సింగ్ విలేఖరుల ముందుకొచ్చి, అలాంటి కేసేదీ తమ దేశంలో నమోదు కాలేదని, ఆ కబురు వెంటపడి నిజానిజాలు చూడటానికి బోలెడు సమయం వృథా అయిందని వాపోయాడు.

ప్రపంచం నవ్వుకుంది. నవ్వులాట కాని భాగం ఒకటుంది. సంతానశక్తి పోతుందేమోనన్న భయం ఆ ట్వీట్‌తో పుట్టలేదు. అప్పటికే దీవుల్లో వాట్సాప్ గుంపుల్లో తిరుగుతోంది. పాతికేళ్ల కుర్రాడు ఆ భయాన్ని మంత్రిని అడగడు, అమ్మను అడగడు, కిక్కిరిసిన హెల్త్ సెంటర్‌లో నర్సును అసలే అడగడు. చీకట్లో దుప్పటి కప్పుకుని ఫోనులో వెతుకుతాడు. అక్కడ అతనికి నికీ మినాజ్ దొరకాలా, తన యాసలోనే సిగ్గు వదిలించి మాట్లాడే యూరాలజిస్టు దొరకాలా? హుందాతనం పేరుతో రెండోవాణ్ని వారించేవాళ్లు మొదటి ఆమెకు మైదానం ఖాళీ చేసిపెడుతున్నారు.

తెలుగు నేల మీద అదే ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కని ఆనందయ్య ఇచ్చిన మందు కోసం వేలాది మంది ఎగబడ్డారు. ఆ క్యూలో నిలబడ్డవాళ్లను మూర్ఖులనడం సులువు. ఆసుపత్రిలో మంచం దొరక్క, దొరికిన చోట మాట్లాడే డాక్టరు దొరక్క నిలబడ్డారు వాళ్లు.

ఇక్కడ ఒక మర్యాదైన అభ్యంతరం వినిపిస్తుంది. జనానికి చెప్పాలి, నిజమే. కానీ అది ప్రభుత్వ ఆరోగ్యశాఖల పని, అంతర్జాతీయ సంస్థల పని. ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెబితే గందరగోళం కాదా?

అధికార స్వరానికి ఉన్న విశ్వసనీయత మీదే ఈ అభ్యంతరం నిలబడింది. హైతీకి వెళ్లి ఆ మాట అని చూడాలి. 1983లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఎయిడ్స్ ముప్పున్న వర్గాల్లో హైతీయులను చేర్చింది. స్వలింగ సంపర్కులు, హెరాయిన్ వాడేవాళ్లు, హీమోఫీలియా రోగులు, వాళ్ల పక్కన ఒక జాతి మొత్తం. పుట్టుకే జబ్బు లక్షణమైపోయింది. 1985లో ఆ పేరు తీసేశారు. అయినా 1990లో హైతీయుల రక్తదానం వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మళ్లీ ఆదేశించింది. ఆ ఏప్రిల్‌లో వేలాది హైతీయులు న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన మీదుగా నడిచి నిరసన చెప్పాక గాని వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాత 2010లో హైతీలోని ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం నుంచి మురుగు నదిలో కలిసి కలరా పుట్టింది. దాదాపు పదివేల మంది పోయారు. సమితి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పింది 2016 డిసెంబరులో. ఆరేళ్లపాటు ఆ నది ఒడ్డున ఉన్న మనిషికి ‘అధికారిక సమాచారం’ అంటే ఏమిటో అనుభవంలో తెలిసింది.

ఇందులో ఒక్కటి కూడా టిక్‌టాక్ చేసిన పాపం కాదు. కోట్లూ టైలూ కట్టుకున్నవాళ్ల లెటర్‌హెడ్ల మీద నుంచి వచ్చినవే.

కరీబియన్ జనం పుట్టుకతో టీకాల వ్యతిరేకులనుకుంటే అది కూడా పొరపాటు. ఇంగ్లిష్ మాట్లాడే కరీబియన్ దేశాలు 1988లో తట్టును నిర్మూలిస్తామని తీర్మానించుకుని, 1991 మేలో పిల్లలందరికీ ఒకేసారి టీకాలు వేసి, ఆ ఏడాదితోనే స్థానిక తట్టుకు దాదాపు తెరదించాయి. ధనిక దేశాలెన్నో ఆ పని చెయ్యలేకపోయిన కాలమది. ముప్పై ఏళ్ల తర్వాత కోవిడ్ టీకాల దగ్గరకొచ్చేసరికి జమైకాలో రెండు డోసులూ పూర్తయినవాళ్లు జనాభాలో నాలుగో వంతు దగ్గరే ఆగిపోయారు. మధ్యలో మారింది సైన్సు కాదు. ఇంటి తలుపు తట్టే నర్సుతో ఉన్న ముఖపరిచయం తగ్గింది, నర్సులూ డాక్టర్లూ లండన్, న్యూయార్క్, టొరంటోలకు వలసపోయారు. ఆ ఖాళీలో ఫోను కూర్చుంది. అమెరికాలో క్లినికల్ పరీక్షల బయట మొదటి కోవిడ్ టీకా వేయించుకున్న సాండ్రా లిండ్సే అనే నర్సు జమైకాలో పుట్టిన మనిషే. 2020 డిసెంబరు 14న న్యూయార్క్‌లో కెమెరాల ముందు చొక్కా చెయ్యి పైకి మడిచింది. ఆ దృశ్యాన్ని చవకబారు ప్రచారమని ఎవరూ అనలేదు. అదే పని ఊళ్లో డాక్టరు తన ఫోనులో చేస్తే మాత్రం పరువు తక్కువ.

ఇంతకీ ఈ పరువు ఎక్కడిది? డాక్టరు తక్కువ మాట్లాడాలి, దూరంగా ఉండాలి, రోగికి కారణం చెప్పనక్కర్లేదు అన్న పద్ధతిని వైద్యధర్మంగా చెప్పుకుంటారు గాని, కరీబియన్‌లో దాని పునాదులు చెరకుతోటల్లో ఉన్నాయి. బానిసల కాలంలో జమైకా తోటల్లో రోగులను పడేసే కొట్టాన్ని ‘హాట్‌హౌస్’ అనేవారు. తోట యజమాని తలకింతని ఏడాదికి డాక్టరుకు ముట్టజెప్పేవాడు. డాక్టరు జవాబు చెప్పుకోవాల్సింది యజమానికి. మంచం మీద ఉన్న మనిషికి కాదు. బానిసత్వం పోయాక 1838 నుంచి ఒప్పంద కూలీలు వచ్చారు. కలకత్తా రేవు నుంచి ఎక్కువమంది, మద్రాసు రేవు నుంచి కొందరు, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. గయానా, ట్రినిడాడ్ తోటల ఆసుపత్రుల్లో డాక్టరు ముఖ్యంగా తేల్చాల్సింది ఒక్కటే: ఈ కూలీ రేపు పనికి వస్తాడా, నటిస్తున్నాడా. అలాంటి డాక్టరుకు మాటలు తక్కువే ఉంటాయి మరి.

జనానికి వైద్యం అందించినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లను ‘డాక్ట్రెస్’లు అనేవారు, మూలికలు తెలిసిన స్త్రీలు, రోగుల మధ్యే బతికినవాళ్లు. క్రిమియా యుద్ధంలో పేరు తెచ్చుకున్న మేరీ సీకోల్ తల్లి కింగ్‌స్టన్‌లో అలాంటి డాక్ట్రెస్సే. మాట్లాడే వైద్యం, దూరంగా ఉండే వైద్యం అని అక్కడ రెండు సంప్రదాయాలు ఉన్నాయన్నమాట. సోషల్ మీడియా డాక్టర్లు సంప్రదాయం చెరుపుతున్నారనేవాళ్లు ఏ సంప్రదాయాన్ని కాపాడుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

జమైకాలో 1893లో పుట్టిన సిసిలీ విలియమ్స్‌నే తీసుకుందాం. ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో పనిచేస్తూ మాంసకృత్తుల లోపంతో వచ్చే క్వాషియోర్కర్‌ను వైద్యలోకానికి పరిచయం చేసిన డాక్టరు ఆమె. 1939లో సింగపూర్‌లో ఉండగా, తియ్యటి డబ్బాపాలను తల్లిపాలకు బదులుగా అంటగడుతున్న కంపెనీల ప్రచారం పిల్లల ప్రాణాలు తీస్తోందని రోటరీ క్లబ్బులో ప్రసంగించింది. ఆ ప్రసంగానికి పెట్టిన పేరు ‘పాలు, హత్య’. శాస్త్రీయ సదస్సు కాదు, డాక్టర్ల సభా కాదు. వ్యాపారులూ ఊరి పెద్దలూ భోంచేసే చోటు. శీర్షికలో హత్య అన్న మాట. నేటి భాషలో చెప్పాలంటే వైరల్ కావాలనే పెట్టిన టైటిల్. పత్రికలో పట్టిక ముద్రిస్తే కంపెనీలు పట్టించుకోవని ఆమెకు తెలుసు. అలా మాట్లాడిందని ఆమెనెవరూ వృత్తి నుంచి వెలివెయ్యలేదు; 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతాశిశు ఆరోగ్య విభాగానికి మొదటి అధిపతి ఆమే.

డాక్టర్లు విద్య చెబితే చెప్పారు, సొంత గోడు ఎందుకు వెళ్లబోసుకోవాలి అనే మరో విసురుంది. రోగి చనిపోయిన రాత్రి తనకెలా అనిపించిందో, తన తండ్రి షుగరు కాలికి పాకినప్పుడు తానెంత నిస్సహాయంగా ఉన్నదో రాసుకునే పోస్టుల మీద ఇది పడుతుంది. ఆత్మస్తుతి అంటారు, బలహీనత అంటారు. మార్టినిక్‌లో పుట్టిన సైకియాట్రిస్టు ఫ్రాంట్జ్ ఫానన్‌కు ఈ మాట చెప్పి ఉంటే ఏమనేవాడో! డాక్టర్ పట్టా కోసం ఆయన మొదట రాసుకున్నది నల్లవాడి మనసులోని గాయాల గురించి, అందులో తన గాయమూ ఉంది. లియోన్ విశ్వవిద్యాలయంలో అది థీసిస్‌గా చెల్లలేదు. మరొకటి రాసిచ్చి పట్టా తెచ్చుకున్నాడు. చెల్లనిది 1952లో పుస్తకమై వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా చదువుతున్నది ఆ చెల్లనిదాన్నే. 1953లో అల్జీరియా బ్లీదా ఆసుపత్రికి వెళ్లాక వార్డుకు ఒక పత్రిక పెట్టించి, అందులో సంపాదకీయాలు రాశాడు. రోగులూ సిబ్బందీ చదువుకునే పత్రిక. డాక్టరు ఆలోచనలు రోగికి కనబడటం చికిత్సలో భాగమని ఆయన పద్ధతి.

ఇప్పటి జమైకాలో మైఖేల్ అబ్రహామ్స్ ఉన్నాడు. గైనకాలజిస్టు, హాస్యగాడు, కవి, గ్లీనర్ పత్రికలో కాలమిస్టు. గర్భిణులను చూసే చేత్తోనే నవ్వించే పాటలు రాస్తాడు. డాక్టరు జోకులెయ్యడమేమిటని ముఖం ముడుచుకునేవాళ్లు ఆలోచించాల్సింది వేరే ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాల రేటు ప్రపంచంలోకెల్లా ఎక్కువున్న ప్రాంతాల్లో కరీబియన్ ఒకటి. అక్కడి మగవాళ్లు వేలితో చేసే ప్రోస్టేట్ పరీక్షకు వెళ్లకపోవడానికి పెద్ద కారణం నగుబాటు భయం. నవ్వుకు జడిసే మనిషిని క్లినిక్ దాకా తేవడానికి గంభీరోపన్యాసం పనికిరాదు. మన దగ్గర డాక్టర్ సమరంగారు స్వాతి వారపత్రికలో ప్రశ్నలకు జవాబులు రాసినప్పుడు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరానికి ఈ కిటుకు వివరించనక్కర్లేదు.

సరే, ఇదంతా పనిచేస్తుందా? 2020 చివర్లో అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. పండగలకు ప్రయాణాలు మానమని డాక్టర్లు, నర్సులు స్వయంగా రికార్డు చేసిన ఇరవై సెకన్ల వీడియోలను 13 రాష్ట్రాల్లో కోటికి పైగా ఫేస్‌బుక్ ఖాతాలకు చేరవేశారు. కొన్ని ప్రాంతాలకు ఎక్కువగా, కొన్నింటికి తక్కువగా, చీటీలు తీసినట్టు ఎంపిక చేసి. ఫలితాలు 2021లో నేచర్ మెడిసిన్‌లో వచ్చాయి. వీడియోలు ఎక్కువ చేరిన చోట ప్రయాణాల దూరం ఒక శాతం మేర తగ్గింది, పండగ తర్వాత కోవిడ్ కేసులు మూడున్నర శాతం తగ్గాయి. అద్భుతం కాదిది. ఇరవై సెకన్ల మాటకు ఇంత దక్కడం మాత్రం చిన్న సంగతీ కాదు. పైగా వాళ్లెవరో చూసినవాళ్లకు తెలియదు. తన ఊరి డాక్టరే, తన యాసలోనే చెబితే అంతకు తగ్గదని ఆశించడంలో తప్పులేదు.

ప్రత్యర్థులు వాడాల్సిన బలమైన ఆయుధం ఒకటుంది, ఎందుకో వాళ్లు దాని జోలికి పోరు. ఫ్రాన్సువా దువాలియే. హైతీ పల్లెల్లో యాస్ అనే చర్మరోగం మనుషులను కుంటివాళ్లను చేస్తున్న 1940ల్లో, పెన్సిలిన్ సూదులతో ఊరూరా తిరిగి జనం గుండెల్లో చోటు సంపాదించిన డాక్టరు. ‘పాపా డాక్’ అన్న ముద్దుపేరుతోనే 1957 ఎన్నికల్లో గెలిచాడు. చచ్చేదాకా, అంటే 1971 దాకా, రహస్య ముఠాలతో దేశాన్ని వణికించాడు. డాక్టరు మీద జనానికున్న నమ్మకం ఎంత ప్రమాదకరమైన పెట్టుబడో ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే దువాలియే ఎదిగింది జనానికి వైద్యం నేర్పి కాదు, తన చుట్టూ మహిమ అల్లుకుని. ప్రశ్నించడానికి వీల్లేని డాక్టరు అతను. వీడియో కింద ఎవరైనా ‘మీరు చెప్పింది తప్పు’ అని రాయగలిగే చోట మహిమ నిలబడటం కష్టం.

వాళ్లు చూపగల రెండో ఉదాహరణ అమెరికాలోని ఒహాయో సంగతి. ప్లాస్టిక్ సర్జరీలను టిక్‌టాక్‌లో లైవ్ చేస్తూ, ఆపరేషన్ మధ్యలో ప్రేక్షకులకు జవాబులిచ్చిన ఒక సర్జన్ లైసెన్సును 2023 జులైలో అక్కడి వైద్యమండలి శాశ్వతంగా రద్దు చేసింది. సబబే. ఆ శిక్ష ఆపరేషన్ బల్ల మీది మనిషిని వదిలేసి కెమెరాను చూసినందుకు. సొంత మాత్రల సీసాలు అమ్ముకునే డాక్టర్లకూ అలాంటి శిక్షే పడాలి. భారత జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నియమావళి ఈ తేడా బాగానే పట్టుకుంది: సమాచారం చెప్పొచ్చు, రోగి బొమ్మలు పెట్టకూడదు, లైకులు కొనకూడదు. వేరే అంశాల మీద గొడవలతో అదే నెలలో ఆ నియమావళి మొత్తాన్నీ పక్కనపెట్టారు. గయానా, గ్రెనడా, బార్బడోస్ కాలేజీల్లో వైద్యం చదువుతున్న తెలుగు పిల్లలు తిరిగొచ్చి ఫోను తెరిస్తే ఏది ఒప్పో ఏది తప్పో చెప్పే కాగితం కోసం వెతుక్కోవాలి.

నిజానికి కరీబియన్‌లో పెద్దడాక్టర్లు గట్టిగా పట్టుబట్టాల్సిన చోటు ఒకటుంది. డొమినికా జనాభా డెబ్బై వేలు, అంటే మన ఓ మోస్తరు మున్సిపాలిటీ. మాంట్సెరాట్‌లో ఐదు వేల మంది కూడా ఉండరు. ‘నిన్న నా దగ్గరకొచ్చిన నలభై ఏళ్ల టీచరమ్మ’ అని పేరు లేకుండా రాసినా ఆమె ఎవరో సాయంత్రానికి దీవంతా తెలిసిపోతుంది. న్యూయార్క్ కోసం రాసుకున్న గోప్యత నియమాలు అక్కడ చాలవు. రోగి కథ చెప్పాలంటే ఆ రోగే చదివి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా ఏళ్లు గడవాలి, ఊరూ వయసూ జబ్బూ మార్చాలి. హుందాతనం గురించి ఖర్చు పెట్టిన ఊపిరిలో సగం దీనిమీద పెట్టి ఉంటే ఈపాటికి పనికొచ్చే నియమాలు తయారై ఉండేవి.

2007 సెప్టెంబరులో కరీబియన్ దేశాధినేతలు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సమావేశమై బీపీ, షుగరు లాంటి జబ్బుల మీద ప్రకటన చేశారు. దేశాధినేతలు కేవలం ఈ జబ్బుల కోసమే కూడటం ప్రపంచంలో అదే మొదలు. 2011లో ఐక్యరాజ్యసమితి ఇదే విషయం మీద సమావేశం పెట్టడానికి అదే ఊపు. 2015లో బార్బడోస్ తియ్యటి డ్రింకుల మీద పది శాతం పన్ను వేసి, 2022లో ఇరవైకి పెంచింది. ఇవన్నీ మంచి పనులే. అయినా జమైకాలో 2016–17లో ఇంటింటి సర్వే చేస్తే పదిహేనేళ్లు దాటినవాళ్లలో ముగ్గురికొకరికి బీపీ, ఎనిమిది మందికొకరికి షుగరు తేలింది. చాలామందికి తమకు జబ్బుందన్న సంగతే తెలియదు. తెలియనివాడు క్లినిక్‌కు రాడు. రానివాడికి క్లినిక్‌లో కూర్చుని ఎవరూ ఏమీ చెప్పలేరు.

కాబట్టి వైద్యమండళ్లు, ఆసుపత్రులు చెయ్యాల్సింది ఈ పనిని డ్యూటీగా లెక్కగట్టడం. వారానికి రెండు గంటలు, రోస్టరులో రాసి, మరో డాక్టరు చూసి సరిదిద్దే ఏర్పాటుతో. మాటలో తప్పు దొర్లితే దిద్దుబాటు కూడా అదే ఛానల్లో రావాలి. ప్రస్తుతానికి ఈ ఖర్చంతా డాక్టర్ల సొంత నిద్రలోంచి, సొంత డేటా ప్యాకుల్లోంచి పోతోంది.